బొగ్గు జాడ చెప్పిన కింగ్‌.. బతుకు జాడ వెతికిన బొగ్గుట్ట

ఇల్లెందు: సింగరేణి బొగ్గు పొరల్లో ప్రధానమైనదాన్ని కింగ్‌ సీమ్‌ అని పిలుస్తారు. వినగానే ఏ మహారాజో గుర్తుకు వచ్చే ఈ పేరు నిజానికి ఒక భూగర్భ శాస్త్రవేత్తది. 1871లో ఇల్లెందు అడవుల్లో బొగ్గు నిక్షేపాన్ని గుర్తించి లోకానికి వెల్లడించిన డాక్టర్‌ విలియం కింగ్‌ జ్ఞాపకార్థం ఆ పొరకు ఆయన పేరు పెట్టారు. ఆయన చూపిన చోట గని వెలసింది. గని చుట్టూ పట్టణం వెలసింది. పొర తరిగి గని మూతపడిన నాడు ఆ పట్టణం దేనిపై ఆధారపడి బతకాలన్న ఆలోచన మాత్రం ఆనాడు ఎవరికీ రాలేదు. కింగ్‌ జీవితాన్ని తరచి చూస్తే, గని వెంట నడిచి వచ్చే సిరి, గని మూత వెంట వచ్చే లేమి రెండూ ఆయన కాలంలోనే కనిపించాయని తెలుస్తుంది.

తండ్రి అడుగుజాడల్లో..

కింగ్‌ తండ్రి పేరు కూడా విలియం కింగే. ఆయన 1809లో ఇంగ్లండు ఈశాన్య తీరంలోని సండర్‌లాండ్‌లో జన్మించారు. డర్హం బొగ్గు సీమకు అది ఓడరేవు. సమీపంలోని న్యూకాజిల్‌ నగరంలో ప్రదర్శనశాల పర్యవేక్షకునిగా పనిచేసిన ఆయన 1849లో ఐర్లండు చేరి, గాల్వేలోని క్వీన్స్‌ కళాశాలలో భూగర్భ శాస్త్ర ఆచార్యులయ్యారు. ఇంగ్లండులో లభించే పెర్మియన్‌ యుగపు శిలాజాలపై 1850లో వెలువరించిన గ్రంథం ఆయనకు పేరు తెచ్చింది. జర్మనీలో దొరికిన పురాతన ఎముకలు నేటి మానవజాతికి చెందినవి కావని వాదించి, 1864లో నియాండర్తల్‌ మానవునికి శాస్త్రీయ నామం ప్రతిపాదించినది కూడా ఆయనే.

అటువంటి ఇంట 1830 దశకంలో జన్మించిన కుమారుడు విలియం తండ్రి బోధించిన శాస్త్రాన్నే వృత్తిగా స్వీకరించారు. 1857లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరి ఈ దేశానికి వచ్చారు. థామస్‌ ఓల్డ్‌హామ్‌ సారథ్యంలో 1851లో కలకత్తా కేంద్రంగా ఆ సంస్థ రూపుదిద్దుకోవడానికి మూలకారణమే బొగ్గు. ఆవిరి ఓడలకు, కొత్తగా వేస్తున్న రైలు మార్గాలకు ఇంధనం కావాలి. బెంగాల్‌లోని రాణీగంజ్‌ బొగ్గు ఉత్తరాది అవసరాలకు అక్కరకు వచ్చేది. దక్షిణాదిలో రైలు ఇంజన్లు చాలావరకు కట్టెలతోనే నడిచేవి. అడవులు కరిగిపోతున్నాయి. దక్షిణాపథంలో బొగ్గు దొరికితే తప్ప ఆ కొరత తీరదని సర్కారు భావించింది.

సుత్తి పట్టి ఊరూరా..

మద్రాసు రాజధానిలో నియమితులైన కింగ్‌ దాదాపు మూడు దశాబ్దాల పాటు దక్షిణాది నేలను కాలినడకన, గుర్రంపైన కొలిచారు. వానలు వెనుదిరిగాక గుడారాలు, ఎడ్లబండ్లతో బయలుదేరి ఎండలు ముదిరేవరకు వాగులు, గుట్టల వెంట తిరగడం, వర్షాకాలంలో కూర్చుని నివేదికలు రాయడం ఆ సంస్థ ఉద్యోగుల దినచర్య. ఒరుసుకొని పారే వాగు నేల లోపలి పొరలను కోసి చూపుతుంది. అందువల్ల వాగే వారికి తొలి పాఠ్యపుస్తకం.

1863 సెప్టెంబరులో సహచరుడు రాబర్ట్‌ బ్రూస్‌ ఫుట్‌తో కలిసి మద్రాసు సమీపంలోని అత్తిరంపాక్కంలో ఆదిమానవుని రాతి పనిముట్లను గుర్తించారు. భారత చరిత్రపూర్వ యుగ పరిశోధనలోని తొలి ఘట్టాల్లో అది ఒకటి. అనంతరం కడప, కర్నూలు ప్రాంతాల శిలలను విస్తృతంగా పరిశీలించి 1872లో ప్రామాణిక గ్రంథం వెలువరించారు. ఆ శిలలను పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా సముదాయాలుగా విభజించినది ఆయనే. తెలుగు నేలపై పారే నదుల పేర్లు, కొండల పేర్లు ప్రపంచ భూగర్భ శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది ఆ విధంగానే.

భద్రాద్రి బాటలో నల్లరాళ్లు

గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న భద్రాచలం సీమను 1860లో నిజాం ప్రభుత్వం ఆంగ్లేయులకు అప్పగించింది. ఈవలి ఒడ్డున ఇల్లెందు అడవులు నిజాం ఏలుబడిలోనే ఉండేవి. నడుమ దట్టమైన అరణ్యం. కోయ గూడేలు తప్ప చెప్పుకోదగిన జనావాసాలు లేవు. ఆ దారిన రాములవారి దర్శనానికి వెళ్తున్న యాత్రికులు అన్నం వండుకొనేందుకు నల్లని రాళ్లతో పొయ్యి పేర్చగా, ఆ రాళ్లే రాజుకొని మండాయని ప్రతీతి. ఆ వార్త అధికారుల చెవిన పడిందని, అన్వేషణకు అది దారి చూపిందని ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకొంటున్నారు. సింగరేణి సంస్థ కూడా తన చరిత్రలో ఈ కథకు చోటిచ్చింది.

1871లో కింగ్‌ ఇల్లెందు వద్ద బొగ్గును నిర్ధారించారు. కేవలం నల్లరాయిని చూసి ఊరుకోవడం శాస్త్రజ్ఞుని పని కాదు. ఆ రాయి కింద ఏముంది, పైన ఏముంది, ఎంత దూరం వ్యాపించింది అన్నవి తేల్చాలి. గోండ్వానా శిలల్లో ఒక వరుస ఉంటుంది. అడుగున మంచు యుగపు గుర్తులైన తాల్చేరు శిలలు, వాటిపై బొగ్గును పొదివి ఉంచుకొన్న బరాకరు ఇసుకరాళ్లు, ఆపైన కామ్తీ ఇసుకరాళ్లు. ఈ వరుస గోదావరి లోయలోనూ ఉన్నదని తెలిస్తే, ఒకచోట కనిపించిన బొగ్గు మరెన్నోచోట్ల నేలలో దాగి ఉంటుందని చెప్పవచ్చు. నిజాం రాజ్యపు ఆగ్నేయ భాగంలోని ఈ కొత్త బొగ్గు క్షేత్రంపై కింగ్‌ రాసిన వివరణ 1872లో సర్వేక్షణ సంస్థ పత్రికలో వెలువడింది. నిక్షేపానికి సమీప గ్రామమైన సింగరేణి పేరు స్థిరపడింది.

ఆ బొగ్గు పాతిక కోట్ల సంవత్సరాలకు పూర్వపు పెర్మియన్‌ యుగానిది. తండ్రి ఇంగ్లండు సున్నపురాళ్లలో ఆ యుగపు సముద్రజీవులను పరిశీలించగా, కుమారుడు గోదావరి అడవుల్లో అదే యుగపు వృక్షాల అవశేషాన్ని గుర్తించారు. ఇక్కడితో ఆగకుండా ఆయన లోయ అంతటినీ పరిశీలించి 1881లో ప్రాణహిత-గోదావరి లోయపై సమగ్ర గ్రంథం ప్రకటించారు. సింగరేణి గనులు ఈనాడు విస్తరించి ఉన్న సుమారు 350 కిలోమీటర్ల బొగ్గు మేఖల ఆ లోయలోనిదే.

వయనాడు నేర్పిన పాఠం

ఇల్లెందు బొగ్గు బయటపడిన నాలుగేళ్లకు, 1875లో కింగ్‌ను వయనాడు కొండల్లోని బంగారు నిక్షేపాల పరిశీలనకు పంపారు. అక్కడి రాతి నాళాల్లో బంగారం ఉన్న మాట వాస్తవమేనని ఆయన నివేదించారు. 1879లో ఆస్ట్రేలియా నుంచి రప్పించిన నిపుణుడు బ్రో స్మిత్‌ ఎంతో ఆశాజనకమైన నివేదిక ఇవ్వడంతో లండన్‌ మదుపుదారులు ఎగబడ్డారు. నలభైకి పైగా కంపెనీలు పుట్టుకొచ్చాయి. వాటి ప్రకటిత మూలధనం నలభై లక్షల పౌండ్లు దాటింది. పందలూరు అనే మారుమూల ఊరు రాత్రికి రాత్రి పట్టణమైంది. యంత్రాలు వచ్చాయి, బంగళాలు లేచాయి, దుకాణాలు వెలిశాయి.

రాతిలోని బంగారం తవ్వకం ఖర్చులకు కూడా సరిపోలేదు. రెండు మూడేళ్లలోనే కంపెనీలు ఒక్కొక్కటిగా కుప్పకూలాయి. యంత్రాలు తుప్పు పట్టాయి, బంగళాలు పాడుబడ్డాయి, పందలూరు మళ్లీ పల్లె అయింది. మదుపుదారులకు పోయింది వాటాల సొమ్ము. పనిని నమ్ముకొని కొండలెక్కిన కూలీకి పోయింది నోటి ముద్ద. గని పట్టణం ఎంత వేగంగా లేస్తుందో అంతే వేగంగా పడిపోగలదని దక్షిణ భారతానికి తెలిసిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. ఇల్లెందులో పార పడకముందే ఈ పాఠం కళ్లెదుట ఉంది.

లండన్‌లో వాటాలు.. అడవిలో బాయి

బొగ్గు కనిపెట్టిన పదిహేనేళ్ల వరకు ఇల్లెందు అడవి అలాగే ఉంది. బయటికి తరలించే మార్గం లేకపోవడమే కారణం. నిజాం రైలు మార్గం తూర్పు దిక్కుగా సాగడంతో పరిస్థితి మారింది. 1886లో లండన్‌లో నమోదైన హైదరాబాద్‌ దక్కన్‌ కంపెనీ గని హక్కులను సంపాదించింది. 1889లో తవ్వకం మొదలైంది. అదే ఏడాది రైలు బెజవాడను చేరుకొంది. డోర్నకల్‌ నుంచి చీలిన మార్గం బొగ్గును గని ముఖద్వారం నుంచే అందుకొంది.

ఈ హక్కుల వ్యవహారం ఆనాడు పెద్ద దుమారం రేపింది. వాటాల్లో అత్యధిక భాగం ప్రమోటర్లకే దక్కిన తీరుపై 1888లో బ్రిటిష్‌ పార్లమెంటు విచారణ సంఘాన్ని నియమించింది. నిజాం తరఫున వ్యవహారం నడిపిన సర్దార్‌ అబ్దుల్‌ హక్‌ పదవి కోల్పోయారు. కంపెనీకి ఎంత, రాజ్యానికి ఎంత, మధ్యవర్తులకు ఎంత అన్న లెక్కలు ఆ విచారణలో చర్చకు వచ్చాయి. గని చుట్టూ వెలిసే ఊరికి, అడవిని కోల్పోయే గూడేనికి ఎంత అన్న లెక్క ఎవరి ఖాతాలోనూ కనిపించదు.

ఈ సమయానికి కింగ్‌ కలకత్తాలో ఉన్నత స్థానంలో ఉన్నారు. మెడ్లికాట్‌ పదవీ విరమణ అనంతరం 1887లో సర్వేక్షణ సంస్థ అధిపతి బాధ్యతలు చేపట్టి, 1894 వరకు కొనసాగారు. ఇల్లెందు బాయిల్లో తొలి బొగ్గు పైకి వచ్చింది ఆయన హయాంలోనే. 1900లో ఆయన కన్నుమూశారు. అప్పటికి సింగరేణి బొగ్గు దక్షిణాది రైళ్లను నడిపిస్తోంది. అడవి నడుమ వెలసిన ఇల్లెందుకు జనం నోట బొగ్గుట్ట అన్న పేరు స్థిరపడింది.

గని కదిలింది.. ఊరు మిగిలింది

కింగ్‌ సీమ్‌ ఇల్లెందుకే పరిమితమైనది కాదు. బొగ్గు సంస్థ కూడా ఇల్లెందుకే పరిమితం కాలేదు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్‌ కంపెనీగా రూపాంతరం చెందిన సంస్థ 1920 దశకం చివరలో బెల్లంపల్లిలో, 1937లో కొత్తగూడెంలో గనులు తెరిచింది. ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో స్థిరపడింది. తొలి బాయిలు ఒక్కొక్కటిగా మూతపడిన ఇల్లెందు మొదటి స్థానం నుంచి క్రమంగా వెనుకబడింది. సంస్థకు పుట్టిల్లుగా పేరు మిగిలింది గానీ పెద్దరికం మిగలలేదు.

భూగర్భ గని ఆయుష్షు దాని నిర్మాణంలోనే రాసి ఉంటుంది. తొలుత బొగ్గులో దారులు తొలిచి, పైకప్పు నిలిచేందుకు నడుమ స్తంభాలు వదులుతారు. చివరి దశలో ఆ స్తంభాలను కూడా తీసి వెనక్కి వస్తారు. కప్పు కూలుతుంది, గని ముగుస్తుంది. స్తంభాల తవ్వకం మొదలైందంటే ఇంకెన్నేళ్లన్నది గని మేనేజరుకు తెలుసు, సర్దారుకు తెలుసు. తెలియనిదల్లా బజారుకే.

గని మూసివేత అందరినీ ఒకే విధంగా తాకదు. పర్మినెంటు కార్మికునికి కొత్తగూడెం, మణుగూరు, రామగుండం, భూపాలపల్లి ప్రాంతాలకు బదిలీ వస్తుంది. ఊరు మారినా జీతం మారదు. ఆ జీతంపై ఆధారపడిన కిరాణా వ్యాపారికి, దర్జీకి, హోటలు యజమానికి, కూరగాయల బండికి, గదులు అద్దెకిచ్చిన ఇంటివారికి బదిలీ ఉత్తర్వులు రావు. అడవి నుంచి కట్టెల మోపు తెచ్చి అమ్మే గిరిజన మహిళకు కొనేవారు కరవవుతారు. కాంట్రాక్టు కూలీ పేరు మూసివేత కాగితాల్లో ఎక్కడా ఉండదు. క్వార్టర్లు ఖాళీ అయ్యాక బడిలో పిల్లలు తగ్గుతారు, ఆసుపత్రిలో వైద్యులు తగ్గుతారు, చివరికి బస్సుల రాకపోకలూ తగ్గుతాయి. పేదరికం గని లోపలి నుంచి కాక బజారు దారిన ఊరిలోకి వస్తుంది.

బొగ్గు పెరిగినా కూలి తగ్గె

ఇంతకు మించిన మార్పు 1990 తరువాత వచ్చింది. నష్టాలు పేరుకుపోయి 1992లోనూ, 1996లోనూ సంస్థ ఖాయిలా పరిశ్రమల పునర్నిర్మాణ మండలి గుమ్మం ఎక్కింది. అనంతరం కోలుకొని లాభాల బాట పట్టింది. ఆ కోలుకోవడంలో యంత్రాలకు, ఉపరితల గనులకు పెద్ద పాత్ర ఉంది. 1990 దశకం ఆరంభంలో లక్షా పదివేలకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య మూడు దశాబ్దాల్లో సుమారు నలభై వేలకు తగ్గింది. అదే కాలంలో వార్షిక ఉత్పత్తి రెండు కోట్ల టన్నుల లోపు నుంచి 2023-24 నాటికి ఏడు కోట్ల టన్నులకు చేరింది.

ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూస్తేనే గని పట్టణాల స్థితి అర్థమవుతుంది. బొగ్గు అయిపోయినందువల్లనే పట్టణాలు చితికిపోతాయన్నది సగం నిజం. బొగ్గు సమృద్ధిగా వస్తున్నప్పటికీ దాన్ని తీసే చేతులు తగ్గితే పట్టణం కుంగుతుంది. తట్ట, చెమ్మస్‌ పట్టి వేలమంది నింపిన బొగ్గును నేడు కొద్దిమంది నడిపే భారీ యంత్రాలు ఎత్తిపోస్తున్నాయి. ఊరిని పోషించినది బొగ్గు కాదు, బొగ్గు తెచ్చిన కూలి. సంస్థ లాభనష్టాల పట్టికలో ఈ తేడా కనిపించదు.

గనులకే పరిమితమైన ముచ్చట కాదిది. పాల్వంచలో 1966 నుంచి దశలవారీగా నిర్మించిన 720 మెగావాట్ల పాత థర్మల్‌ కేంద్రం కాలం చెల్లి మూతపడింది. దాని ఎనిమిది కూలింగ్‌ టవర్లను 2024 ఆగస్టు 5న కూల్చివేశారు. పక్కనే కొత్త యూనిట్లు ఉన్నందున పాల్వంచ తట్టుకొంది. గోదావరి వెంబడి ఎగువన మంగపేట మండలం కమలాపురంలో పరిస్థితి వేరు. అడవి కలపతో గుజ్జు తయారుచేసే రేయాన్స్‌ కర్మాగారంలో 2014లో ఉత్పత్తి నిలిచిపోయింది. దానికి ప్రత్యామ్నాయంగా మరో పరిశ్రమ లేని ఆ ఊరు కోలుకోలేక కుదేలైంది. ఒకే పరిశ్రమపై నిలిచిన ఊరికి, రెండో ఆసరా ఉన్న ఊరికి ఉన్న తేడా ఈ రెండుచోట్లా స్పష్టంగా కనిపిస్తుంది.

సండర్‌లాండ్‌లోనూ అదే గతి

కింగ్‌ వంశమూలమైన సండర్‌లాండ్‌ కూడా ఈ గతి తప్పించుకోలేదు. కింగ్‌ పుట్టిన దశకంలోనే, 1835లో తెరిచిన మాంక్‌వియర్‌మౌత్‌ గని 1993 డిసెంబరులో మూతపడింది. డర్హం బొగ్గు సీమలో అదే చివరి గని. అంతకుముందే 1988లో ఆ నగరపు ఓడల నిర్మాణం ఆగిపోయింది. పదేళ్లు తిరగకుండానే రెండు ప్రధాన ఆధారాలూ కోల్పోయి వేలాది కుటుంబాలు నిరుద్యోగంలో పడ్డాయి. గని ఉన్న స్థలంలో 1997లో ఫుట్‌బాల్‌ మైదానం వెలసింది. నగర శివారులో 1986లో ప్రారంభమైన కార్ల కర్మాగారం కొంత ఊరట కల్పించింది. మూసివేతకు ముందే మరో పరిశ్రమ వచ్చి ఉండటంతో నగరం పూర్తిగా కూలిపోలేదు. అయినా గని బస్తీల గాయం మానడానికి ఒక తరం సరిపోలేదు.

ప్రారంభంలోనే ముగింపు లెక్క

మన దేశంలో గని తెరిచేటప్పుడే దాని మూసివేత ప్రణాళిక సమర్పించి, అందుకు నిధిని విడిగా జమ చేయాలని బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో మార్గదర్శకాలు జారీ చేసింది. ఇల్లెందులో తొలి బొగ్గు తీసిన 120 ఏళ్లకు ఈ ఆలోచన వచ్చింది. ఆ ప్రణాళికల్లో గుంతల పూడ్చివేతకు, మొక్కల పెంపకానికి దక్కిన ప్రాధాన్యం బజారు బతుకుకు దక్కలేదు. 2015 చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి సొమ్మును రోడ్లు, భవనాలతో పాటు గని ముగిశాక నిలిచే ఉపాధిపై వెచ్చించే అవకాశం ఉంది. గని నడుస్తున్న రోజుల్లో ఆ పని జరిగితేనే ఫలితం ఉంటుంది.

2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగినప్పుడు ఇల్లెందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరగా, సంస్థకు పేరిచ్చిన సింగరేణి మండలం ఖమ్మం జిల్లాలో మిగిలింది. కారేపల్లి పక్కన పల్లెగానే ఉన్న సింగరేణి గ్రామం పేరును బొగ్గు లారీలు, రైలు వ్యాగన్లు దేశమంతటా మోసుకెళ్తున్నాయి. కింగ్‌ పేరు గని పటాల్లో నిలిచింది. ఆయన చూపిన బొగ్గుతో రైళ్లు నడిచాయి, దీపాలు వెలిగాయి, ఖజానాలు నిండాయి. పొర మందం కొలిచిన నాడే దాని ఆయుష్షును లెక్కగట్టే వీలు కలిగింది. ఆ లెక్కను ఊరి ముందు కూడా ఉంచి ఉంటే బొగ్గుట్ట తన రేపటికి ముందుగానే సిద్ధపడి ఉండేది. కొత్తగా గనులు తెరుచుకొంటున్న సత్తుపల్లి వంటి ప్రాంతాలకు ఆ అవకాశం ఇంకా చేజారలేదు.